పాత హార్డ్ డిస్క్‌లో మిగిలిన ఒక్క ఫైలు

దయ్యాల మాట ఎత్తితే నాకు ముందు నవ్వొస్తుంది, తర్వాత కోపమొస్తుంది. మా నారాయణపేటలో పిల్లాడికి జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పోకుండా గాలి సోకిందని తాయెత్తు కట్టించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లతో నేను నడిరోడ్డు మీద వాదన పెట్టుకునేదాన్ని. మా అత్తమ్మ బతికున్నన్నాళ్లూ నా నోటికి జడిసి, దిష్టి నిమ్మకాయలు నాకు కనపడకుండా తలుపు వెనక కట్టేది. అలాంటి నేను ఇవాళ ఇది రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ బతిమాలను. నేను నమ్ముతున్నానో లేదో నాకే తెలియదు.

నేను చేసే పని పెళ్లి వీడియోల మిక్సింగ్. ఫొటోగ్రాఫర్లు పెళ్లిలో తీసిందంతా మెమరీ కార్డుల్లో తెచ్చిస్తారు. నేను దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని, అక్కర్లేనిది కత్తిరించి, పాటలు కలిపి, తెర మీద పూలు రాల్చి ఇస్తాను. మా ఇంటి ముందుగదే నా దుకాణం.

కార్డులు నా దగ్గర ఉండవు. ముహూర్తాలు వరసగా ఉన్నప్పుడు ఫొటోగ్రాఫర్లు నేను ఎక్కించుకునేదాకా ఆగి, కార్డు వెనక్కి తీసుకుపోయి, దాన్ని ఖాళీ చేసి ఇంకో పెళ్లికి వాడతారు. అంటే మిక్సింగ్ అయ్యేదాకా ఆ పెళ్లి మొత్తం నా హార్డ్ డిస్క్‌లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా ఉండదు. మా పనిలో అందరం ఇలాగే చేస్తాం. ఏమీ కాదులే అనుకుంటాం.

మా అన్నది మక్తల్ వైపు పల్లె. పత్తి, కంది వేసేవాడు. నాకు తోడబుట్టినవాడు ఆయనొక్కడే. చివరిదాకా బటన్ల ఫోనే వాడాడు. ఫొటో తీస్తామంటే తువ్వాలు అడ్డం పెట్టుకుని పక్కకు పోయే మనిషి. అలాంటివాడు కూతురు మౌనిక పెళ్లిలో మాత్రం తెల్ల చొక్కా వేసుకుని, కెమెరా ముందు నుంచి కదలకుండా నిలబడ్డాడు. అందరం తెగ ఆటపట్టించాం.

ఆ పెళ్లి ఎండాకాలంలో ఇక్కడే ఫంక్షన్ హాలులో అయింది. వీడియో తీసింది మాకు బాగా తెలిసిన ఫొటోగ్రాఫర్ రాజు. కార్డులు నాకే తెచ్చిచ్చి, నేను ఎక్కించుకోగానే ఎప్పటిలాగే వెనక్కి తీసుకుపోయాడు. మన ఇంటి పెళ్లే కదా, బయటివాళ్లవి అయ్యాక నిదానంగా చేద్దామని పక్కన పెట్టాను.

వానాకాలంలో అన్న పోయాడు. పత్తిచేనులో పని చేస్తూ చేస్తూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడట. ఆటోలో దవాఖానకు తెస్తుంటే తొవ్వలోనే ప్రాణం పోయింది. ఆ తర్వాత ఆ పెళ్లి ఫోల్డర్ తెరవడానికి నాకు చేతులు రాలేదు. మౌస్ దాని దాకా పోయేది, మళ్లీ వెనక్కి వచ్చేది.

దసరా వచ్చింది. అన్న పోయిన ఏడు కాబట్టి పుట్టింట్లో పండగ లేదు. పెళ్లయి వేరే ఇంటికి వచ్చినదాన్ని, నాకు ఆ పట్టింపు లేదన్నారు పెద్దవాళ్లు. దసరా నాడు పనిముట్లకు పూజ చేయడం మా దగ్గర ఎవరూ మానరు. మగ్గం ఉన్నవాళ్లు మగ్గానికి చేస్తారు. మా ఆయనకు ట్రాక్టర్ ఉంది. దాన్ని కడిగి, బంతిపూల దండ వేసి, ఇంజను స్టార్ట్ చేసి ఉంచుతాడు. పూజ వేళ యంత్రం నడుస్తుండాలని ఆయన పట్టుదల. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు ఇంజను మీద పోస్తాడు. ట్రాక్టర్‌కు ఏమవుతుంది? ఏమీ కాదు.

ట్రాక్టర్ పూజ అయ్యాక అదే ఊపులో ముందుగదిలోకి వచ్చాడు. నేను లోపల వంటలో ఉన్నాను. ఇన్నాళ్లూ కంప్యూటర్‌కు బొట్టు పెట్టి వదిలేసేవాళ్లం. ఆ ఏడు నా పుట్టింట్లో చావు జరిగింది, ఏ లోటూ ఉండకూడదని ఆయనకు అనిపించిందట. కంప్యూటర్ ఆన్ చేసి, సీపీయూ డబ్బాకు దండ వేసి, కొబ్బరికాయ కొట్టి రెండు చిప్పల నీళ్లూ డబ్బా మీద పోశాడు. డబ్బా పైభాగమంతా గాలి కోసం జల్లెడలా బొక్కలే. నేను టప్పుమన్న చప్పుడు విన్నాను. ఆ తర్వాత కాలిన వాసన వచ్చింది.

ఆయన్ని అనాల్సిన మాటలన్నీ అన్నాను. పండగపూట వీధి వీధంతా విన్నది. పాపం, చేతిలో కొబ్బరి చిప్పలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

అప్పటికి నాకు పోయింది పని అనే అనుకున్నాను. మౌనిక వచ్చాకే అసలు పోయింది ఏమిటో తెలిసింది.

అప్పటికి మౌనిక కడుపుతో ఉంది. అత్తగారిల్లు దేవరకద్ర వైపు. వాళ్లు మంచివాళ్లే. కానీ తండ్రి పోయిన దగ్గర్నుంచి ఆ పిల్ల తిండి మానేసింది. అలిగి కాదు, పంతంతో కాదు. ముద్ద నోట్లో పెట్టుకుంటుంది, మింగదు. ఎవరైనా అడిగితే తిన్నానంటుంది. పుట్టింటికి పంపితే అక్కడ మా వదిన తనే మంచం పట్టి ఉంది. అందుకని నేనే వెళ్లి మా ఇంటికి తీసుకొచ్చాను. మహబూబ్‌నగర్ దవాఖానలో చూపిస్తే డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, ఒంట్లో రక్తం లేదు, ఇలాగే ఉంటే కడుపులో బిడ్డ నిలవదు, తల్లి సంగతి కూడా చెప్పలేనన్నది. గ్లూకోజు ఎక్కించారు. ఇంటికి తెస్తే మళ్లీ అదే తంతు.

ఒకరోజు జడ వేస్తుంటే తనే మాట తీసింది.

"అత్తా, నా పెండ్లి వీడియో జర సూపియ్యవా? అప్పగింతలప్పుడు నాయిన నా చెవుల ఏదో చెప్పిండు. నేను ఏడుస్తున్న, బ్యాండ్ మోగుతాంది, ఒక్క ముక్క ఇనపడలే. తర్వాత ఫోన్ల అడిగితే, ఏం లేదు బిడ్డా అని నవ్విండు. గదొక్కటి ఇంటె చాలు నాకు."

నా చేతిలో జడ అలాగే ఆగిపోయింది. చూపిస్తాలే అన్నాను. ఇంకేమనను?

ఇక అప్పటినుంచి నాకు పిచ్చి పట్టినట్టయింది. పెళ్లికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి, మీ ఫోన్లలో అప్పగింతలది ఏమైనా ఉందా అని అడిగాను. పెళ్లికొడుకు, పెళ్లికూతురు, భోజనాలు, డ్యాన్సులు అందరి దగ్గరా ఉన్నాయి. అన్న ఒకచోట వీపు కనపడతాడు, ఒకచోట భుజం. రాజు తన కార్డులన్నీ వెతికాడు. వాటి మీద ఎన్నో పెళ్లిళ్లు ఎక్కి దిగాయి.

హార్డ్ డిస్క్ పట్టుకుని మహబూబ్‌నగర్‌లో తిరిగాను. బోర్డు కాలిందన్నారు. అలాంటిదే ఇంకో బోర్డు తెచ్చి మార్చారు, అయినా కదల్లేదు. చివరికి హైదరాబాద్‌లో పోయిన డేటా తీసే చోట ఇచ్చాను. వాళ్లు డిస్క్ విప్పి చూసి, డేటా ఉండే లోపలి పళ్లెం మీద గీతలు పడ్డాయి, ఇందులో నుంచి ఏమీ రాదు అని చెప్పి, వెండి రంగు సంచిలో పెట్టి తిరిగిచ్చారు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే జడ్చర్ల దాకా ఏడుపు ఆగలేదు. పక్కనామె ఎవరు పోయారమ్మా అని అడిగింది. మా అన్న అని చెప్పాను. అబద్ధమేమీ కాదు కదా.

ఇంట్లో నేను నోరు విప్పకముందే మా ఆయన మౌనిక ముందు నిజం కక్కేశాడు. దాచి దాచి ఆయన మొహం సగమైంది. "నా చేతులతోనే పాడు చేసిన బిడ్డా" అని గోడకు తల కొట్టుకున్నాడు. మౌనిక ఆయన్ని ఒక్క మాట అనలేదు. "పోనీ మామా, నువ్వు మంచికే చేస్తివి" అంది. ఆ పూట నుంచి తనకు టీ నీళ్లు కూడా సరిగా దిగలేదు. అన్న పోయాడు, ఇప్పుడు అన్న కూతుర్ని కూడా నా ఇంట్లో పెట్టుకుని చంపుకుంటున్నానా అని రోజూ అదే గుబులు. దేవుణ్ణి కూడా తిట్టాను.

మా ఆయన కొత్త హార్డ్ డిస్క్, కొత్త పవర్ సప్లై తెచ్చాడు. పవర్ సప్లై అంటే సీపీయూ డబ్బాలో అన్ని భాగాలకూ కరెంటు పంచేది. పాతది నీళ్లకు పాడయింది, మిగతా భాగాలు బతికాయి. పని మొదలుపెడితేనన్నా నా మనసు కుదుటపడుతుందని ఆయన ఆశ. బిగించే రోజు, కొబ్బరికాయతో గడప దాటితే ఊరుకోనని ముందే చెప్పాను. ఆయన నవ్వకుండా తలూపి, దుక్కికి ట్రాక్టర్ వేసుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు మిట్టమధ్యాహ్నం. బయట ఎండ ఉంది, తలుపు తీసే ఉంది. ఎదురింట్లో మగ్గం చప్పుడు వినిపిస్తోంది. మౌనిక నా వెనక దివాన్ మీద పడుకుని ఉంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, చీకటీ లేదు, భయమూ లేదు, నిద్రమత్తూ లేదు.

డబ్బా పక్క రేకు విప్పాను. పవర్ సప్లై బిగించాను. దాని తీగలు కంపెనీ నుంచి ప్లాస్టిక్ నాడాతో కట్టగా కట్టి వస్తాయి. కావలసిన తీగలను మాత్రం కట్టలోంచి లాగి పెట్టుకున్నాను. హార్డ్ డిస్క్‌కు రెండు తీగలు కావాలి. ఒకటి డేటా పోవడానికి, ఇంకొకటి కరెంటుకు. కొత్తదాన్ని స్లాట్‌లో తోసి, స్క్రూలు బిగించి, రెండు తీగలూ పెట్టాను.

పాతది బల్ల మీద ఉంది. దాన్ని పారేయబుద్ధి కాలేదు. తన పాత స్లాట్‌లోనే పెట్టి స్క్రూలు బిగించాను. డేటా తీగ కూడా తగిలించాను. చచ్చిన మనిషి నాడి మళ్లీ మళ్లీ పట్టుకుని చూడమా, అలాగే.

ఆన్ చేశాను. పెన్ డ్రైవ్ పెట్టి విండోస్ ఎక్కించడం మొదలుపెట్టాను. ఏ డిస్క్‌లో ఎక్కించాలని అడిగే చోట కొత్తదొక్కటే కనపడింది. పాతది లేదు. అనుకున్నదే. కొత్తదాన్ని సి, డి అని రెండు భాగాలు చేసి, ఫార్మాట్ కొట్టి, ఎక్కుతుంటే కూర్చుని చూశాను. అంతా అయ్యాక కంప్యూటర్ తనంతట తాను ఆగి, మళ్లీ మొదలైంది. అన్నీ సరిగా ఉన్నాయా అని డ్రైవులు తెరిచి చూశాను.

సి ఉంది, డి ఉంది. వాటి పక్కన ఇ అని ఇంకొకటి ఉంది.

నొక్కితే తెరుచుకుంది. అందులో ఫోల్డర్లు లేవు, నా పాత పెళ్లిళ్లేవీ లేవు. ఒకే ఒక్క వీడియో ఫైలు ఉంది. కెమెరా పెట్టే అంకెల పేరే దానికీ ఉంది. నేను దాన్ని కాపీ చేసి డి లో వేశాను. ఆకుపచ్చ గీత నెమ్మదిగా జరిగింది. మా పాత డిస్క్ తిరిగితే గరగరమని చప్పుడు చేసేది, పక్కగదిలోకి వినిపించేది. ఆ పూట ఏ చప్పుడూ లేదు. కాపీ అయ్యేదాకా నేను దేవుడి పేర్లన్నీ తలుచుకున్నాను, అంతకుముందు తిట్టినవాళ్లనే.

అయిన వెంటనే తెరిచాను. ఫంక్షన్ హాలు గుమ్మం. కారు దగ్గర జనం. బ్యాండువాళ్లు ఎర్రకోట్లు వేసుకుని మౌనిక పక్కనే నిలబడ్డారు. బుగ్గలు పొంగించి బాకా ఊదుతున్నారు, డోలు మీద పుల్లలు పడుతున్నాయి. చప్పుడు లేదు. స్పీకర్లు పెట్టలేదేమో అని చెయ్యి అటు పోయింది. పెట్టే ఉన్నాయి.

అన్న తెల్ల చొక్కాలో జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. మౌనిక తల రెండు చేతులతో పట్టుకుని చెవి దగ్గర వంగాడు. అప్పుడు వినిపించింది. జనం గోల లేదు, బ్యాండు మోత లేదు, ఆయన ఒక్కడి గొంతు. ఫోన్ చెవికి ఆనించుకుంటే వినిపించేంత దగ్గరగా ఉంది.

వెనక దివాన్ కిర్రుమంది. మౌనిక లేచి వచ్చి నా భుజం పట్టుకుంది. గోళ్లు దిగాయి. వీడియో అయిపోయింది. తెర నల్లబడింది.

నేను తిరిగి చూడకుండానే, నేను విన్నది చెప్పకుండానే, ముందు తననే అడిగాను. "ఏమన్నడే మీ నాయిన?" నా ఊహ కాదని నాకు తెలియాలి. నా నోటి మాట తన నోట్లో పెట్టకూడదు.

"ఆకలైతె అడుగు బిడ్డా, సిగ్గువడకు, అత్తగారిల్లు గూడ నీ ఇల్లే అన్నడు" అంది మౌనిక.

నేను విన్నదీ అక్షరం పొల్లుపోకుండా అదే.

ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. తండ్రి శవం ముందు కూడా అలా ఏడవలేదు. నేనూ ఏడ్చాను. ఎదురింటి మగ్గం ఆగింది, నేసే ఆమె మా గుమ్మంలోకి వచ్చి ఏమైందక్కా అని అడిగి వెళ్లిపోయింది. చాలాసేపటికి మౌనిక కొంగుతో ముక్కు తుడుచుకుని, తల వంచుకుని అంది, "అత్తా, ఆకలైతాంది. ఏమన్న ఉన్నదా?"

జొన్నరొట్టె, పుంటికూర పప్పు ఉన్నాయి. పొద్దుటి రొట్టె, చల్లారి గట్టిపడింది. వేడిగా చేస్తానన్నా ఆగలేదు. నేను పక్కన కూర్చుని తను నమలడం, మింగడం చూశాను. ఇంకొకటి అడిగింది. ఆ పూట నా కడుపు నిండినంతగా ఎన్నడూ నిండలేదు, నేను ముద్ద ముట్టకపోయినా.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. సంగతి చెబితే కాళ్లు కూడా కడుక్కోకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. డి లో ఫైలు ఉంది. నొక్కాను.

బ్యాండు అదిరిపోయేలా మోగింది. బాకాలు, డోళ్లు, జనం గోల. అన్న వంగాడు, పెదవులు కదిలాయి. ఒక్క మాట వినపడలేదు. మళ్లీ పెట్టాను, మళ్లీ అదే. మా ఆయన నా మొహం చూశాడు, మౌనిక మొహం చూశాడు. మౌనిక తింటున్న గిన్నె చూశాడు.

ఇ డ్రైవ్ కూడా లేదు. తీగ వదులైందేమో అని కంప్యూటర్ ఆపి, పక్క రేకు విప్పాను. పాత డిస్క్‌కు డేటా తీగ ఉంది. కరెంటు తీగ లేదు. దానికి పెట్టాల్సిన కొన ఇంకా కట్టలోనే ఉంది, కంపెనీవాళ్లు వేసిన ప్లాస్టిక్ నాడా కింద, విప్పకుండా. ఆ నాడా ఒకసారి లాగితే బిగుసుకుపోయే రకం. కోస్తే తప్ప రాదు. మా ఆయన కత్తెరతో దాన్ని కోసి, కొన తీసి, పాత డిస్క్‌కు తనే పెట్టాడు. ఆన్ చేశాం. డిస్క్ తిరగలేదు, తెర మీద కనపడలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు చూసినా అంతే.

రాజును పిలిచి అడిగాను. వీడియో చూసి, తను తీసిందేనన్నాడు. కానీ ఆ మాట వినిపించే ప్రసక్తే లేదన్నాడు. తను జనం వెనక నుంచి తీస్తున్నాడు, కెమెరాకు ఉన్న చిన్న మైకే తప్ప వేరేది లేదు. "అక్కా, గా బ్యాండ్ల నా పక్కనోడు నన్ను పిలిస్తెనే నాకు ఇనపడలే" అన్నాడు. కంప్యూటర్లు తెలిసినవాళ్లను అడిగితే, కరెంటు తీగ పెట్టి ఉంటావు, తర్వాత మరిచిపోయి ఉంటావన్నారు. మరి కోయని నాడా సంగతేమిటంటే నవ్వేసి ఊరుకున్నారు. ఇద్దరూ బాధలో ఉన్నారు, ఒకరిని చూసి ఒకరు అనుకున్నారు అన్నారు ఇంకొందరు. అదైనా ఒప్పుకుంటాను. మరి డి లో ఆ ఫైలు ఎక్కడి నుంచి వచ్చింది?

మౌనికకు నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా బాగున్నారు. ఆ వీడియో మళ్లీ పెట్టమని తను ఎన్నడూ అడగలేదు. "నేను ఇన్న గద అత్తా" అంటుంది, అంతే.

దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. ఎవరైనా తాయెత్తు మాట ఎత్తితే ఇప్పటికీ కొట్లాడతాను. ఆ మధ్యాహ్నం జరిగింది మాత్రం నా తెలివికి అందలేదు, అందుతుందన్న ఆశ కూడా పోయింది.

ఒక్క విషయం ఇంట్లో ఎవరికీ తెలియదు. పని లేనప్పుడు తలుపు దగ్గరకు వేసి, చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని ఆ ఫైలు నేనొక్కదాన్నే తెరుస్తాను. అన్న వంగే చోట ఆపుతాను, వెనక్కి జరుపుతాను, మళ్లీ పెడతాను. కూతురికి చెప్పాల్సింది చెప్పి పోయాడు. చెల్లెలికి కూడా ఒక మాట చెప్పకపోతాడా అని. బ్యాండే మోగుతుంది.